ఇంటిదారి పట్టిన పులి

2009 నవంబర్ ఆఖరి వారం. మధ్యప్రదేశ్‌లోని పన్నా అడవిలో ట్రాకింగ్ సిబ్బంది యాంటెన్నా ఎత్తి పట్టుకుని సిగ్నల్ కోసం వెతుకుతున్నారు. రిసీవర్‌లో టిక్కుటిక్కుమనే చప్పుడు ఏ దిక్కుకు తిప్పితే గట్టిగా వినిపిస్తే ఆ దిక్కున పులి ఉన్నట్టు. అడవి నడిబొడ్డు వైపు తిప్పారు. చప్పుడు సన్నగిల్లింది. దక్షిణానికి తిప్పారు. పెరిగింది. ఆ తర్వాత చూస్తే ఇంకా దక్షిణాన ఉంది. పులి రిజర్వ్ హద్దు దాటి పోతోంది.

ఆ మగపులిని రికార్డుల్లో టీ-3 అన్నారు. అదే నెలలో పెంచ్ అడవిలో మత్తిచ్చి పట్టుకుని, రోడ్డు మీద తీసుకొచ్చి, కొన్నాళ్లు కంచె లోపల ఉంచి వదిలారు. మెడకు రేడియో కాలర్ ఉంది. వదిలి రెండు వారాలు తిరక్కుండానే అది బయటికి నడిచింది. అప్పటికి పన్నా మొత్తంలో ఉన్న మగపులి అదొక్కటే. అంతకుముందే తెచ్చిపెట్టిన రెండు ఆడపులులు అడవిలో ఉన్నాయి. ఇది పోతే వాటికి జోడీ లేదు, పిల్లలు లేవు. పన్నాలో మళ్లీ పులుల సంతతి అన్న మాటే ఉండదు.

ఫీల్డ్ డైరెక్టర్ ఆర్. శ్రీనివాస మూర్తి ముందు దారులు ఎన్నో లేవు. పోనిచ్చి మరో పులిని అడగొచ్చు. కానీ ఒకసారి అభాసుపాలైన అడవికి మరో పులిని ఎవరిస్తారు? పైగా పులి నడుస్తున్నది పొలాల మీదుగా, ఊళ్ల పక్కగా. జనం గుమిగూడినా, ఎవడైనా ఉచ్చు వేసినా అంతే. వెంబడించాలనే నిర్ణయించారు. సుమారు 70 మంది సిబ్బంది, నాలుగు ఏనుగులు. ఆ వెంబడింపు ఒక నెల సాగింది.

అసలు పులులకు పేరుపడ్డ అడవికి పులిని అప్పు తెచ్చుకునే గతి ఎందుకు పట్టింది? ఈ కథలో నన్ను ఎక్కువగా బాధించేది ఆ భాగమే. అది చెప్పకుండా టీ-3 వెంట నడవలేం.

* * *

పన్నా బుందేల్‌ఖండ్ ప్రాంతంలో ఉంది. వజ్రాల గనులున్న నేల. ఖజురాహో పక్కనే. అడవి మధ్యలోంచి కెన్ నది పారుతుంది. టేకు, తునికి, ఇప్ప ఉన్న ఎండు అడవి. వేసవిలో ఆకు రాలి నేల కనిపిస్తుంది. ఆదిలాబాద్ అడవులు చూసినవాళ్లకి కొత్తగా అనిపించదు. 1981లో నేషనల్ పార్క్ అయింది, 1994లో టైగర్ రిజర్వ్ అయింది. నేషనల్ పార్క్ విస్తీర్ణం 543 చదరపు కిలోమీటర్లు.

1996లో రఘు చుందావత్ అనే శాస్త్రవేత్త ఇక్కడ పులులకు రేడియో కాలర్లు పెట్టి అధ్యయనం మొదలుపెట్టారు. అప్పటిదాకా మన దేశంలో పులుల గురించి తెలిసిందంతా ఎక్కువగా కాన్హా, నాగర్‌హొళె లాంటి వాన ఎక్కువ పడే పచ్చని అడవుల నుంచి వచ్చిందే. ఎండు అడవిలో పులి ఎంత దూరం తిరుగుతుంది, ఏం తింటుంది, ఎన్ని కాన్పుల్లో ఎన్ని పిల్లలు బతుకుతాయి అన్నది ఎవరూ కూర్చుని లెక్కగట్టలేదు. ఆయన ఏళ్ల తరబడి ఆ పని చేశారు. తేలిందేమిటంటే, జింకలు, కణుతులు పల్చగా ఉండే ఎండు అడవిలో పులికి చాలా పెద్ద చోటు కావాలి. రిజర్వ్ హద్దులు దాని అవసరానికి చాలవు. అది బయటికి వెళ్తుంది. వెళ్లిన చోట ఉచ్చో, విషమో, కరెంటు తీగో కాచుకుని ఉంటుంది.

2002 తర్వాత ఆయన కాలర్ పెట్టిన ఆడపులులు ఒక్కొక్కటే కనబడకుండా పోసాగాయి. పులుల లోకంలో ఆడపులే ఇంటికి నిట్టాడు. మగపులి పోతే దాని చోటికి మరో మగపులి వస్తుంది. పిల్లల్ని కనే ఆడపులులు పోతే పైకి కొన్నేళ్లు ఏమీ జరగనట్టే ఉంటుంది. అక్కడక్కడా మగపులి కనిపిస్తుంది, టూరిస్టు జీపులు తిరుగుతాయి, ఫొటోలు వస్తాయి. లోపల మాత్రం వంశం ఆగిపోయి ఉంటుంది. చుందావత్ ఈ మాట పైవాళ్లకి రాశారు, 2005 నాటికి బహిరంగంగానే హెచ్చరించారు. పులులు దండిగా ఉన్నాయన్నదే అధికారిక జవాబు. ఆయన మాట వినకపోగా పరిశోధన అనుమతులకే ఆటంకాలు వచ్చాయి.

అధికారిక లెక్కకు అప్పటిదాకా ఆధారం పాదముద్రలు. మట్టిలో పడ్డ అడుగు మీద గాజు పెట్టి గీత గీసేవారు, లేదంటే ప్లాస్టర్‌తో అచ్చు తీసేవారు. ఏ అడుగు ఏ పులిదో చూసి చెప్పేవారు. ఒకే పులి తడి మట్టిలో వేసిన అడుగు, ఇసుకలో వేసిన అడుగు వేర్వేరుగా పడతాయి. ఒక పులి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. పైగా సంఖ్య తగ్గిందని రాస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆ బీట్ గార్డే. రాజస్థాన్‌లోని సరిస్కాలో సరిగ్గా ఈ లెక్కల చాటునే పులులన్నీ మాయమయ్యాయని 2005 మొదట్లో దేశానికి తెలిసింది. ప్రభుత్వం సునీతా నారాయణ్ అధ్యక్షతన టైగర్ టాస్క్‌ఫోర్స్ వేసింది. పాదముద్రల పద్ధతి పక్కకు పోయి కెమెరా ట్రాప్‌లు వచ్చాయి. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు కాబట్టి ఫొటో పడితే ఇక వాదన ఉండదు.

2006 గణనలోనూ పన్నాకు రెండు డజన్ల పులులు ఉండొచ్చని అంచనా వేశారు. 2009 ప్రారంభానికి అడవి గాలిస్తే ఆనవాళ్లు మిగిలింది ఒకే ఒక మగపులివి. దానికోసం మార్చిలో రెండు ఆడపులుల్ని తెచ్చారు. బాంధవ్‌గఢ్ నుంచి టీ-1 రోడ్డు మీద వచ్చింది, కాన్హా నుంచి టీ-2 వైమానిక దళం హెలికాప్టర్‌లో వచ్చింది. అవి వచ్చేసరికి ఆ చివరి మగపులి కూడా లేదు. పన్నాలో సొంత పులి ఒక్కటీ మిగల్లేదని ఆ ఏడాది జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది.

శాస్త్రం తెలియక జరిగిన నష్టం కాదిది. అదే అడవిలో పదేళ్లు కూర్చుని ఒక మనిషి తేల్చి చెప్పాక జరిగింది.

* * *

ఇప్పుడు టీ-3 దగ్గరికి వద్దాం.

పులి పగలు పొదల్లో పడుకుంటుంది. చీకటి పడ్డాక లేచి నడుస్తుంది. వెనక వచ్చేవాళ్లకి ఇది తలకిందుల బతుకు. పగలు పులి ఆగినప్పుడు వాళ్లు ఆగాలి, ఏనుగులకు మేత చూడాలి, దగ్గరి ఊరివాళ్లకి నచ్చజెప్పాలి. రాత్రి పులి కదిలితే డిసెంబర్ చలిలో రిసీవర్ చెవికి ఆనించుకుని జీపుల్లో, కాలినడకన వెంటపడాలి. ఈ కాలర్ సిగ్నల్ గుట్ట అడ్డొస్తే తెగిపోతుంది. లోయలో దిగితే ఎటు నుంచి వస్తోందో తెలియకుండా ప్రతిధ్వనిస్తుంది. సిగ్నల్ పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఎత్తైన చోటు వెతుక్కుని ఎక్కాల్సిందే. అది మళ్లీ దొరికేదాకా మిగిలినవాళ్లకు ఊపిరి ఆడదు.

దారి పొడుగునా అటవీ శాఖ మనుషులు ముందుగా వెళ్లి చెప్పుకొచ్చారు: పులి వస్తోంది, చూడటానికి రావద్దు, పశువుని చంపితే పరిహారం ఇస్తాం. ఇంత దూరం, ఇన్ని ఊళ్ల పక్క నుంచి నడిచిన పులి ఏ మనిషికీ హాని చేయలేదు. మనుషుల కంట పడకుండా తప్పుకుపోవడానికి అదే మనకంటే ఎక్కువ జాగ్రత్తపడింది. ఊళ్లవాళ్లు కూడా దాని జోలికి పోలేదు. ఆ పేద బుందేల్‌ఖండ్ రైతులకు దక్కాల్సిన మెప్పు దక్కలేదని నా అభిప్రాయం.

ఎటు పోతోంది? మొదట్లో అందరిదీ ఇదే ప్రశ్న. కొత్త చోటు నచ్చక దారి తెలియకుండా తిరుగుతోందని అనుకోవచ్చు. కానీ రోజురోజుకీ పటం మీద చుక్కలు పెట్టి కలుపుతుంటే గీత మొత్తం మీద దక్షిణానికే దిగుతోంది. ఛతర్‌పూర్ దాటింది, సాగర్ వైపు వచ్చింది, దమోహ్ జిల్లా అడవుల్లోకి చేరింది. దక్షిణాన ఏముంది? పెంచ్ ఉంది. అది పుట్టిపెరిగిన అడవి. మత్తులో పడుకోబెట్టి వాహనంలో తెచ్చిన పులికి తాను ఎటు నుంచి వచ్చిందో తెలుసు.

జంతువుకి ఈ ఇంటిధ్యాస ఉంటుందని జీవశాస్త్రవేత్తలకు తెలియనిది కాదు. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో ఊళ్లలోకి వచ్చిన చిరుతపులుల్ని పట్టి దూరపు అడవుల్లో వదిలినప్పుడు ఏమైందో విద్యా ఆత్రేయ అధ్యయనం చేశారు. అలా తరలించడం మొదలయ్యాక మనుషుల మీద దాడులు పెరిగాయి. తెలియని చోట దిగిన చిరుత పాత చోటు వెతుక్కుంటూ కొత్త ఊళ్ల మీదుగా నడుస్తుంది. ఇప్పటికీ ఊళ్లో చిరుత కనబడగానే పట్టుకుపొమ్మని ధర్నాలు చేస్తాం, అధికారులు బోను పెడతారు. ఆ భయం నిజమే, కాదనను. కానీ పట్టుకెళ్లి ఎక్కడో వదలడం వల్ల ఆ ప్రమాదం పక్క మండలానికి మారుతుంది, అంతే.

మరి టీ-1, టీ-2 ఎందుకు పోలేదు? ఆడపులి స్వభావమే వేరు. నీడ, నీళ్లు, వేట ఉన్న చోటు దొరికితే అక్కడే హద్దులు గీసుకుంటుంది. మగపులి చోటును ఆడపులుల్ని బట్టి ఎంచుకుంటుంది. పన్నాలో వదిలినప్పుడు టీ-3కి ఆ రెండు ఆడపులులూ ఎదురుపడలేదు. దాని ముక్కుకు అది ఖాళీ అడవి. ఉండటానికి కారణమే కనబడలేదు.

కాలర్ సంకేతాలు, పటం మీద గీతలు కలిసి డైరెక్టర్‌కీ, ఆయన మనుషులకీ నేర్పింది ఇదే. పులిని వెనక్కి తెచ్చినంత మాత్రాన చాలదు. తెచ్చాక అది ఆగేందుకు కారణం చూపించాలి.

ముందు పట్టుకోవాలి కదా. మత్తు బాణం తగలగానే పులి పడిపోదు, కొన్ని నిమిషాలు పరుగెడుతుంది. ఆ పరుగులో వాగులో పడితే మునిగిపోతుంది, లోయలో పడితే నడుం విరుగుతుంది. రాత్రిపూట వేయలేరు. జనం ఉన్న చోట వేయలేరు. మందు ఎక్కువైతే ప్రాణం పోతుంది, తక్కువైతే ఏనుగు మీదకి లంఘిస్తుంది. అందుకే అన్ని రోజులు. చివరికి డిసెంబర్ 25న, క్రిస్మస్ నాడు, దమోహ్ జిల్లాలో ఏనుగుల మీద దగ్గరికి చేరి మత్తిచ్చారు. అప్పటికి అది వంకర దారుల్లో సుమారు 440 కిలోమీటర్లు నడిచింది. మర్నాడు పన్నాలో మళ్లీ వదిలారు.

* * *

ఇక్కడ జరిగిన పని చిన్నదిగా కనిపిస్తుంది. నాకు మాత్రం మొత్తం కథలో తెలివైన పని ఇదే అనిపిస్తుంది.

పులులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది వాసనతో. చెట్టు మొదట్లో, బండ మీద చిమ్మిన మూత్రం చాలా సంగతులు చెబుతుంది. ఇక్కడ ఎవరున్నారు, ఆడా మగా, ఎదలో ఉందా లేదా, ఎన్ని రోజుల కిందట వెళ్లింది. భోపాల్‌లోని వన్ విహార్‌లో ఉన్న ఆడపులి మూత్రం తెప్పించి, టీ-3 తిరిగే చోటు నుంచి టీ-1 తిరిగే చోటు దాకా అడవిలో చల్లించారు. పులి ముక్కు పట్టుకుని దారి చూపించారన్నమాట. కొద్ది రోజుల్లోనే టీ-3, టీ-1 జతకట్టాయి.

2010 ఏప్రిల్ 16న టీ-1 నాలుగు పిల్లల్ని పెట్టింది. ఆడపులి చూలు సుమారు 103 రోజులు. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తే జనవరి తొలి రోజులు వస్తాయి. అంటే టీ-3ని మళ్లీ వదిలాక పది రోజులు అటూఇటూ. పన్నాలో ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 16న ఆ పుట్టినరోజు చేస్తారు. అదే ఏడాది టీ-2 కూడా ఈనింది.

అంతటితో ఆపి ఉంటే వంశం ఒకే తండ్రి మీద, ఇద్దరు తల్లుల మీద నిలిచేది. తరాలు గడిచేకొద్దీ రక్తసంబంధంలోనే జతకట్టి బలహీనపడేది. అందుకే కాన్హా నుంచి 2011లో టీ-4, టీ-5 అనే అక్కచెల్లెళ్లను తెచ్చారు. పసికూనలప్పుడే తల్లి పోతే కంచె లోపల మనుషులు పెంచిన పులులవి. బతికున్న జంతువుని వేటాడటం ఆ కంచెలోనే నేర్చుకున్నాయి. అలా పెరిగిన పులి అడవిలో బతకలేదని అప్పటిదాకా చాలామంది నమ్మకం. టీ-4 బతకడమే కాదు, టీ-3తో జతకట్టి ఆ ఏడాదే పిల్లల్ని పెట్టింది.

పుట్టిన పిల్లలు పెరిగాయి, కాలర్లు పడ్డాయి. ఏ పులి ఎక్కడుందో రోజంతా చూసే బృందాలు ఏర్పడ్డాయి. వెనక ఒకాయన చేస్తుంటే అడ్డుపడ్డ పనినే ఇప్పుడు అటవీ శాఖ తానే నెత్తికెత్తుకుంది. తరతరాలుగా వేటే బతుకైన పార్ధీల పిల్లలకు హాస్టళ్లు, చదువు వచ్చాయి. అడుగుజాడ చదవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. వాళ్లలో కొందరు ఇవాళ సందర్శకులను అడవి అంచుల్లో నడిపించి చూపిస్తున్నారు. ఇదే అడవి కోసం కొన్ని పల్లెలు ఖాళీ చేయించారన్న సంగతి కూడా చెప్పుకోవాలి. పులి తిరిగొచ్చిన లెక్కలో ఆ పల్లెల గోండు కుటుంబాలు వదిలిన ఇళ్లు, ఇప్పచెట్లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు పన్నాలో పులులు 50 దాటాయి. 2009లో సొంత పులులు సున్నా. కుర్ర మగపులులు చోటు చాలక బయటికి నడుస్తున్నాయి. పన్నాలో పుట్టిన పులులు సంజయ్ అడవి దాకా, ఉత్తరప్రదేశ్ సరిహద్దు అడవుల దాకా వెళ్లాయి. ఇదే నడక టీ-3 నడిచినప్పుడు ప్రమాదం. ఇప్పుడు ఆరోగ్య లక్షణం. నిండిన అడవిలోంచి పొంగిన పులి మరో అడవిని వెతుక్కుంటుంది. వాటికి దారి మిగిలి ఉండటమే అన్నిటికన్నా ముఖ్యం.

ఈ దారి సంగతి మన కవ్వాల్‌కి బాగా తెలుసు. 2012లో టైగర్ రిజర్వ్ అయిన ఆ అడవికి పులులు మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ వైపు నుంచి ప్రాణహిత, పెన్‌గంగ దాటి వస్తాయి. వచ్చినవి నిలదొక్కుకోవడం కష్టమవుతోంది. నడిచే దారిలో పత్తిచేలు, రోడ్లు, రైలు పట్టాలు, అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగలు ఉన్నాయి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రోజుల తేడాతో రెండు పులులు చనిపోయాయి. హెలికాప్టర్‌లో పులిని తెచ్చి కవ్వాల్‌లో దింపమని అడగడం తేలిక. ఆడపులి పిల్లల్ని పెంచుకునేంత నెమ్మది ఆ దారిలో కల్పించడమే అసలు పని.

పన్నా ముందు ఇప్పుడు అంతకంటే పెద్ద చిక్కు వచ్చి పడింది. కెన్, బేత్వా నదుల అనుసంధానంలో భాగంగా రిజర్వ్ లోపలే దౌధన్ దగ్గర ఆనకట్ట కడుతున్నారు. 2024 డిసెంబర్ 25న శంకుస్థాపన జరిగింది. జలాశయం నిండితే పులుల కీలక ఆవాసంలో దాదాపు పదో వంతు నీట మునుగుతుంది. మిగిలిన అడవి రెండు ముక్కలై, నదికి అటూ ఇటూ నడిచే పులుల దారి తెగుతుంది. కెన్ కొండచరియల్లో గూళ్లు పెట్టే రాబందులకూ ముప్పే. కరువు బుందేల్‌ఖండ్‌కు నీళ్లు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఇన్నేళ్లుగా కాలర్లతో కూడబెట్టిన సమాచారం అటవీ శాఖ చేతుల్లోనే ఉంది. ఏ ఆడపులి ఏ లోయలో పిల్లల్ని పెడుతుందో, ఏ రేవులో నది దాటుతుందో అందులో ఉంది. నీళ్లు నిండకముందే ఆ పులుల కోసం చుట్టుపక్కల ఏ అడవిని సిద్ధం చేయాలో, ఏ దారిని కాపాడాలో ఆ సమాచారమే చెప్పగలదు. ఆనకట్ట పనికి గడువులు రాసుకున్నారు. అడవిని సిద్ధం చేసే పనికీ అంతే గట్టి గడువులు రాయాలి, ఏటా బయటపెట్టాలి.